మైనం లేని బెల్టు

దారం చేతికొస్తే ముందు మైనం పట్టించాలి. సూదిలోకి ఎక్కించేది తర్వాత. మా నాయన కూర్చోబెట్టి నేర్పింది కాదు ఇది. ఆయన చేస్తుంటే చూసి నా చెయ్యే నేర్చుకుంది. మైనం పట్టిన దారం తడికి కుళ్ళదు, తోలు బొక్కలో రాసుకుని తెగదు, వేసిన కుట్టు వదలదు. నిమ్మకాయంత తేనెమైనం ముద్ద ఎప్పుడూ నా కుడి మోకాలి పక్కన రేకు డబ్బాలో ఉంటుంది. నేను చూడకపోయినా చెయ్యి అటు పోతుంది. అరవై ఏళ్ళుగా పోతోంది.

మా నాయన సంగారెడ్డిలో టాంగా గుర్రాలకు పట్టీలు కుట్టేవాడు. టాంగాలు పోయాక నేను బడిసంచులకు జిప్పులు వేస్తున్నాను, హెల్మెట్ల పట్టీలు మారుస్తున్నాను, క్రికెట్ ఆడే పిల్లల కాళ్ళ ప్యాడ్లు బాగు చేస్తున్నాను. పాత బస్టాండు దగ్గర ఒక మేడమెట్ల కింద దుకాణం. బోర్డు లేదు. సాదుల్లా దుకాణం ఎక్కడంటే ఎవరైనా చూపిస్తారు.

ఫిబ్రవరి చివర్లో ఒకామె స్కూటీ మీద వచ్చింది. పేరు హైమావతి. కంది ఊరి చివర రేకుల షెడ్డు కిరాయికి తీసుకుని, మనిషి ఒంట్లోవి కొలిచే సామాన్లు కొత్తవి తయారు చేస్తుందట. చేతిలో మూడు వేళ్ళ వెడల్పు బెల్టు గుడ్డ ఉంది.

"చాచా, ఉరికే పిల్లల ఛాతికి కట్టే బెల్టు ఇది. గుండె ఎన్నిసార్లు కొట్టుకుంటున్నదో లెక్క పెడ్తది. బజార్ల దొరికేటియి పెద్ద పెద్ద మగోళ్ళ కొలతలు. మన ఆడపిల్లలకు కడితే ఉరుకుతుంటే జారి నడుముకొస్తున్నయి. అందుకే నేను వేరే చేస్తున్న."

"నాతోని ఏం పని?"

"ఈ దారం. మిషన్ మీద పెడితే తెగుతున్నది. చేత్తోనే కుట్టాలె. మీరు కుట్టిన ప్యాడ్లు చూసిన గ్రౌండుల. గంత దగ్గర కుట్టు ఎవ్వరు ఎయ్యలేరు."

దారం తళతళలాడుతోంది. వెండి పూసిందట. బెల్టులో ఒంటికి తగిలే వైపు ఆ దారంతో రెండు బిళ్ళల్లాగా దగ్గర దగ్గరగా కుట్టాలి. గుండె కొట్టుకున్నప్పుడల్లా ఒంటి మీద సన్నటి కరెంటు పుడుతుందట. దాన్ని దారం మోసుకుపోయి ముందున్న చిన్న డబ్బీకి ఇస్తుంది. డబ్బీ ఫోనుకు చెబుతుంది.

"ఒంట్ల కరెంటుంటదా?" అన్నాను.

"ఉంటది చాచా. మీకు గూడ ఉన్నది."

"బిల్లు రాకుంటె చాలు."

ఆమె నవ్వింది. ఆ రోజు గంటసేపు నా ఎదురుగా స్టూలు మీద కూర్చుంది. ఒక్క బెల్టుకు ఎంత దారం పడుతుందో చూసుకోవాలని, దారం ముక్క ముక్కగా కొలిచి కత్తిరించి, తానే సూదిలోకి ఎక్కించి నా చేతికిచ్చింది. నేను కుట్టడమే. అయిపోయాక లోపలివైపు పెన్నుతో ఒకటి అని అంకె వేసింది. మిగిలిన ఏడు బెల్టులకు గుడ్డ, దారం కండె నా దగ్గర పెట్టి పోయింది. వాటిని నేను పది రోజుల్లో తీరికగా కుట్టి ఇచ్చాను.

ఆ ఎనిమిది బెల్టులు మా ఊరి గ్రౌండులో చంద్రకాంత్ సార్ దగ్గర పరుగు నేర్చుకునే ఎనిమిది మంది ఆడపిల్లలకు. అందులో ఒకతి నా మనవరాలు తహ్రీమ్. నా కొడుకు మొయిన్ బిడ్డ. పదిహేనేళ్ళు. అందరిలోకీ సన్నగా ఉంటుంది కాబట్టి అన్నిటికంటే చిన్నదైన మొదటి బెల్టు దానికి వచ్చింది.

ఎనిమిది వందల మీటర్లు పరుగెత్తుతుంది తహ్రీమ్. ఏప్రిల్ నెలాఖరు శనివారం హైదరాబాదులో రాష్ట్రం మొత్తానికి ఎంపిక పోటీలు. మొదటి ఇద్దరిలో వస్తే ప్రభుత్వ క్రీడా హాస్టల్లో సీటు, చదువూ తిండీ అంతా వాళ్ళదే. రెండేళ్ళుగా మా ఇంట్లో గడియారం ఆ శనివారం కోసమే తిరుగుతున్నట్టు ఉండేది. పొద్దున్నే ఐదింటికి మా ఆవిడ ఆలంబీ దానికి రెండు గుడ్లు ఉడకబెట్టేది. మొయిన్ పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ దిగి నేరుగా గ్రౌండుకు పోయి, బిడ్డను బండి మీద ఎక్కించుకుని ఇంటికొచ్చేవాడు.

పోటీలు పది రోజులున్నాయనగా హైమావతి మేడమూ చంద్రకాంత్ సారూ కలిసి నా దుకాణానికి వచ్చారు. వాళ్ళ వెనకాలే తహ్రీమ్. దాని ముఖం చూడగానే ఏదో జరిగిందని తెలిసింది.

మేడమ్ ఫోను తిప్పి చూపించింది. తెర మీద గీత కొండల్లా ఎక్కుతూ దిగుతూ పోతోంది. మధ్యలో ఉన్నట్టుండి గీత లేదు. ఖాళీ. మళ్ళీ మొదలవుతుంది. నేను మూడో తరగతి దాకానే బడికి పోయాను. అయినా ఖాళీ అంటే ఏమిటో తెలుసు.

"ఎనిమిది మందిల నలుగురికి గిట్ల వస్తున్నది చాచా. ఒకటి, నాలుగు, ఐదు, ఏడు నంబర్లు. ఉరికినప్పుడే. ఇది బెల్టుల దోషమో, పిల్లలల్ల ఏమన్న ఉన్నదో నాకు సమజైతలేదు. తేలేదాక ఈ నలుగురు ఉరకొద్దు."

"పది రోజులల్ల పోటీలు పెట్టుకొని ఉరకొద్దంటె ఎట్ల మేడమ్?" అన్నాడు చంద్రకాంత్ సార్. "బెల్టులు రాకముందు మంచిగనే ఉరికిన్రు గదా."

"ముందు ఖాళీలు లేవని ఎవరికెరుక సార్? చూసేటోళ్ళే లేకపాయె."

తహ్రీమ్ నా ముందుకొచ్చి నిలబడింది. "నాకేం కాలె దాదా. నేను మంచిగున్న. నీ బెల్టే ఖరాబున్నదని చెప్పు. జల్దీ చెప్పు."

 నా కుట్టు చెడిపోయిందని ఇంతవరకు ఎవరూ తిరిగి తీసుకురాలేదు. ఆ మాట నోటికి రాలేదు. కానీ లోపల మాత్రం, నా కుట్టే చెడిపోయి ఉండాలని అప్పుడే దువా మొదలుపెట్టాను.

తర్వాత మూడు రోజులు ఇంట్లో ఎవరికీ సరిగ్గా ముద్ద దిగలేదు. నేను తహ్రీమ్‌ను చూస్తూ కూర్చున్నాను. అది మెట్లెక్కితే చూశాను. నీళ్ళ బిందె ఎత్తితే చూశాను. పడుకుంటే దుప్పటి లేచి పడుతోందా అని చూశాను.

"ఏంది దాదా, గట్ల చూస్తవ్? నేనేమన్న గాజుగ్లాసునా, పగులుతనని?" అంది.

"కొద్దిగ నిమ్మళంగ దిగు బేటీ మెట్లు."

"నువ్వు దిగు నిమ్మళంగ. డెబ్బై నాలుగేండ్లు నీకు."

నాలుగో రోజు మేడమ్ ఒక్కతే వచ్చింది. చేతిలో రెండు తీగలున్న చిన్న మీటరు. "చాచా, మీరు ఎట్ల కుట్టిన్రో నా ముందట ఒక్కసారి కుట్టి చూపియ్యిన్రి. మొదటిసంది."

కండె లోంచి మూరెడు దారం తీశాను. చెయ్యి డబ్బాలోకి పోయింది. మైనం ముద్ద మీద దారం ఒకసారి, రెండుసార్లు లాగాను. మూడోసారి లాగబోతుంటే ఆమె నా మణికట్టు పట్టుకుంది.

"ఏంది చాచా అది?"

"మైనం."

"బెల్టులకు గూడ పెట్టిన్రా?"

"పెట్టకుంట ఎవడన్న కుడ్తడా అమ్మా?"

ఆమె మీటరు తీగలు రెండూ మామూలు వెండిదారం మీద ఆనించింది. సన్నగా కూత పెట్టింది. నేను మైనం పట్టించిన దారం మీద ఆనించింది. కూత లేదు. మళ్ళీ ఆనించింది. లేదు. ఆమె స్టూలు మీద కూలబడి, రెండు చేతులతో ముఖం మూసుకుని నవ్వింది. ఏడుస్తోందేమోనని చూశాను. నవ్వే.

"మైనంల నుంచి కరెంటు పోదు చాచా! అందుకే గీత తెగింది. పిల్లల గుండెలు కాదు, మీ మైనం!"

మరి మిగిలిన నలుగురికి ఎందుకు రాలేదని నేను అడిగాను. ఎప్పుడు కుట్టానని ఆమె అడిగింది. కొన్ని పొద్దున, కొన్ని మిట్టమధ్యాహ్నం. ఎండకు మైనం మెత్తబడితే దారానికి మందంగా పట్టుకుంటుంది. పొద్దున కుట్టినవాటికి పలచగా పట్టి ఉంటుంది. సరిపోయింది. లెక్క కుదిరింది.

నా బతుకులో నా తప్పు బయటపడి సంతోషించింది ఆ ఒక్క రోజే.

సాయంత్రానికి చంద్రకాంత్ సార్ దుకాణం ముందు బండి ఆపి, నలుగురు వినేటట్టు అరిచాడు. "ఏం సాదుల్లా చాచా, మైనం పెట్టి నలుగురు పిల్లల గుండెలు ఆపినవ్ గదనే! యములోనికి గూడ గింత సులువుగ కాదు!"

ఇంట్లో ఆలంబీ సేమ్యా చేసింది. "మొయిన్ అబ్బా," అంది నన్ను. పెళ్ళయి యాభై ఏళ్ళైనా ఆమె నన్ను అలాగే పిలుస్తుంది, కొడుకు పేరు పెట్టి. "పెండ్లయిన కాడికెళ్ళి ఈ మైనం వాసన భరిస్తున్న. ఒక్కనాడన్న ఒద్దంటె విన్నవా? చూడు, ఎంత పని చేసిందో."

తహ్రీమ్ రెండు గిన్నెలు తిని, నా గడ్డం పట్టుకుని ఊపి, గ్రౌండుకు పోయింది.

ఎనిమిది బెల్టులూ మైనం లేకుండా మళ్ళీ కుట్టమని మేడమ్ సంచిలో వేసి నా దగ్గర పెట్టింది. మీటరు కూడా ఇచ్చింది. "పాత దారం ఇప్పి, కొత్తది కుట్టినంక ప్రతి బిళ్ళ మీద ఇది ఆనియ్యిన్రి చాచా. కూత పెడితేనే పాస్."

బుధవారం మధ్యాహ్నం పనికి కూర్చున్నాను. శనివారం పోటీలు. ఎనిమిదో నంబరు తీసి కుట్టు విప్పాను. దారం మీద గోరు పెట్టి లాగితే పసుపుపచ్చ మైనం పొడిగా రాలింది. ఏడు విప్పాను. గోరు నిండా మైనం. ఆరు. ఐదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే తేనె వాసన. వరసగా రెండో నంబరు దాకా విప్పి, ఒకటో నంబరు తీశాను. తహ్రీమ్‌ది.

గోరు పెట్టి లాగాను. ఏమీ రాలలేదు.

వెలుతురులోకి తిప్పి చూశాను. దారం తెల్లగా, తళతళలాడుతోంది. వాసన చూశాను. చెమట వాసన, సబ్బు వాసన. తేనె వాసన లేదు. మీటరు తీసి ఆనించాను. కూత పెట్టింది. జరిపి ఆనించాను. పెట్టింది. ఇంకో బిళ్ళ మీద, అంచున, మధ్యలో, ఎక్కడ ఆనిస్తే అక్కడ కూత. ఎక్కడైనా ఒక్కచోట అది నోరు మూసుకుంటుందేమోనని చాలాసేపు చూశాను.

అప్పుడు గుర్తొచ్చింది. మొదటి రోజు దారం సూదిలోకి ఎక్కించి ఇచ్చింది మేడమ్. నా చెయ్యి డబ్బా దాకా పోలేదు. ఆ సంగతి ఆమె మర్చిపోయింది, నేనూ మర్చిపోయాను. నలుగురికి ఖాళీలు వచ్చాయి, మైనం దొరికింది, నలుగురిదీ మైనమే అనుకున్నాం.

కుట్టు వదులైందేమోనని ఒక్కొక్క పోగూ లాగి చూశాను. ఏదీ వదల్లేదు. ఇంత గట్టిగా ఎందుకు కుట్టాను అనిపించింది.

బెల్టు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. జిప్పు కోసం వచ్చినవాణ్ణి రేపు రమ్మన్నాను. చెబితే ఏమవుతుందో తెలుసు. ఇంట్లో సేమ్యా తీపి ఇంకా ఎవరి నాలుక మీదా ఆరలేదు. చెప్పకపోతే ఏమవుతుంది? ఏమీ కాకపోవచ్చు. రెండేళ్ళుగా ఉరుకుతూనే ఉంది కదా. బెల్టు జారి ఉంటుంది. డబ్బీ చెడిపోయి ఉంటుంది. నాకేం తెలుసు, మూడో తరగతి వాడికి. ఇలా నాకు నేను చాలా చెప్పుకున్నాను.

మా నాయన గుర్రానికి పొట్టపట్టీ కొలత చూసేటప్పుడు ముందుకాలి వెనక పట్టీకీ ఒంటికీ మధ్య అరచెయ్యి దూర్చేవాడు. చెయ్యి పట్టేంత వదులుండాలి. ఆ చేతికి గుర్రం గుండె తగులుతుంది. బండి నుంచి విప్పిన గుర్రానికి ఆయన చెయ్యి దూర్చి, కళ్ళు మూసుకుని, కాసేపు అలాగే ఉండేవాడు. నా చెయ్యీ పెట్టించేవాడు. ఒకసారి ఒక టాంగావాలాకు, దీని గుండె నడక తప్పుతోంది, బండికి కట్టకు అని చెప్పాడు. వాడు నవ్వి, పట్టీలు కుట్టేటోనివి పట్టీలు కుట్టు అన్నాడు. మా నాయన ఇంకేమీ అనలేదు. ఒక మాట రెండోసారి చెప్పడం ఆయనకు లేదు, నాకూ లేదు. ఆ గుర్రం మర్నాడు పోతిరెడ్డిపల్లి దగ్గర బండితో సహా రోడ్డు మీద పడిపోయింది. బండిలో కూర్చున్న ఇద్దరికి కాళ్ళు విరిగాయి. మా నాయన వారం రోజులు దుకాణం తెరవలేదు.

దుకాణం మూసి గ్రౌండుకు నడిచాను. రెండేళ్ళలో అక్కడికి పోవడం అదే మొదటిసారి.

సాయంత్రం ఎండ ఇంకా తగ్గలేదు. తహ్రీమ్ నన్ను చూసి పరుగున వచ్చింది. "దాదా! నువ్వేంది గిక్కడ? సార్, మా దాదా ఒచ్చిండు!"

"చాచా, మైనం తెచ్చినవా, మా గేటుకు రాద్దాం," అన్నాడు చంద్రకాంత్ సార్. పిల్లలందరూ నవ్వారు.

"ఒక్కసారి ఉరికియ్యి సార్. చూస్త," అన్నాను.

ఉరికింది. నా ముందు నుంచి రెండుసార్లు పోయింది. కాళ్ళు నేలకు తగులుతున్నట్టే లేదు. ఆగి నా దగ్గరకు రాగానే మణికట్టు పట్టుకున్నాను. మూడు వేళ్ళు ఆనించి కళ్ళు మూసుకున్నాను. గబగబా కొట్టుకుంటోంది. కానీ వరసగా, ఒకదాని వెనక ఒకటి. మెల్లగా నెమ్మదించింది. నా ఊపిరి కూడా నెమ్మదించింది.

"ఇంకొక్కసారి, బేటీ."

"ఏందిది దాదా, హకీం లెక్క?"

"ఉరుకు."

రెండోసారి వచ్చినప్పుడు వేళ్ళు ఆనించగానే తెలిసింది. అది కొట్టుకోవడం కాదు. గుప్పిట్లో పట్టుకున్న పిచ్చుక రెక్కల్లా వణుకుతోంది. ఒకటి, రెండు అని లెక్క పెట్టడానికి లేదు. అంత సన్నగా, అంత వేగంగా. తహ్రీమ్ మాత్రం నవ్వుతూ ఎవరితోనో మాట్లాడుతోంది. పెదవులు కొద్దిగా తెల్లబడ్డాయి. తర్వాత ఉన్నట్టుండి ఏమీ లేదు. నా వేళ్ళ కింద ఖాళీ. మేడమ్ ఫోనులో చూసిన ఖాళీ అదేననిపించింది. ఆ వెంటనే ఒక్కటి, లోపల నుంచి ఎవరో తన్నినట్టు దడేల్‌మంది. ఆ తర్వాత మామూలే.

"గిట్ల అప్పుడప్పుడు అయితదా నీకు?" అన్నాను.

నవ్వు ఆపింది. చెయ్యి వెనక్కి లాక్కుంది. "అందరికి అయితది. ఉరికితే అయితది."

చంద్రకాంత్ సార్‌ను పక్కకు పిలిచి చెప్పాను. ఆయన తల గోక్కున్నాడు. "చాచా, మొన్న మైనమంటివి. ఇయ్యాల గుండె అంటున్నవ్. శనివారం పోటీలు. వేలు పెట్టి చూస్తె తెలుస్తదా? నీకు రంది ఎక్కువైంది, ఇంటికి పో."

ఒకసారి చెప్పాను. మామూలుగా అయితే అక్కడితో ఆగేవాణ్ణి. గేటు దాకా వచ్చాను కూడా. గేటు పట్టుకుని నిలబడి, జేబులోంచి ఫోను తీసి, హైమావతి మేడమ్‌కు చేశాను. నేనుగా ఎవరికైనా ఫోను చేసింది తక్కువ.

"ఒకటో నంబరుకు మైనం లేదమ్మా. మొదటి రోజు దారం నువ్వే ఎక్కించి ఇచ్చినవ్."

అటువైపు కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినపడింది. తర్వాత అంది, "చాచా, మీరు చెయ్యి పట్టుకున్నప్పుడు ఆగిపోయిందా, లెక్కకు అందనంత జోరుగ కొట్టుకున్నదా?"

"ముందుగాల జోరు. లెక్కకందలె. ఆ తర్వాత ఒక్క రెప్పపాటు ఆగింది."

"యా అల్లా," అంది. ఆమె హిందువు. మా పిల్లలతో తిరిగి అలవాటైంది. "నిమిషానికి రెండొందల ఇరవై దాటితే అది మనిషి గుండె కాదు, బెల్టు తప్పు లెక్క అనుకోని, ఖాళీ ఇడిచిపెట్టుమని డబ్బీల నేనే రాసిపెట్టిన చాచా. నేనే. ఆమెది దాటింది. నా డబ్బీ దాన్ని పారేసింది. ఎక్కడున్నరు మీరు? వస్తున్న. పిల్లను ఉరకనియ్యకున్రి."

ఇంటికి వచ్చేసరికి మొయిన్ లేచి డ్యూటీకి తయారవుతున్నాడు. పోటీల కాగితం బల్ల మీద ఉంది. తండ్రి సంతకం పెట్టి రేపు ఇవ్వాలి. మాతో వచ్చిన మేడమ్ సంగతంతా చెప్పింది. తను డబ్బీలో చేసిన పొరపాటు కూడా దాచకుండా చెప్పింది. మొయిన్ ఆమెను వదిలి నా వైపు తిరిగాడు.

"అబ్బా, మూడు రోజుల కింద మైనమన్నవ్. అందరం నవ్వినం, మిఠాయి పంచినం. ఇప్పుడేమో మైనం గాదంటున్నవ్. ఏది నమ్మాలె నేను? రెండేండ్లు పొద్దున ఐదింటికి లేచింది పిల్ల. నీ వేళ్ళు చెప్పినయని ఇంట్ల కూసోవెట్టాలెనా?"

"కూసోవెట్టాలె," అన్నాను.

"డాక్టరువా నువ్వు?"

"కాదు. కూసోవెట్టాలె."

ఆలంబీ వంటగది గుమ్మంలో నిలబడి నా వైపు చూసింది. ఒకే మాట నేను రెండుసార్లు అనడం ఆమె ఎప్పుడూ వినలేదు. గబగబా వచ్చి మొయిన్ చేతిలోని పెన్ను తీసుకుని తన దుపట్టా కొంగులో ముడివేసుకుంది.

తహ్రీమ్ అరవలేదు. అరిచినా బాగుండేది. బల్ల మీది కాగితం తీసి మడిచి, మడిచి, గోరంత చేసింది. "దాదా, నువ్వు మాట్లాడకుంటెనే మంచిగుండె," అంది. లోపలికి పోయి తలుపు వేసుకుంది.

మర్నాడు మేడమ్ తనకు తెలిసినవాళ్ళతో మాట్లాడి హైదరాబాదులో ఒక పెద్దాసుపత్రికి పంపింది. మొయిన్‌కు ఆ రోజు పగటి డ్యూటీ కూడా పడింది, సెలవు దొరకలేదు. నేనూ తహ్రీమూ పోయాం. దారి పొడుగునా అది కిటికీ వైపు తిరిగి కూర్చుంది. అక్కడ ఒంటికి పది తీగలు అంటించి, కదిలే పట్టా మీద నడిపించి, ఉరికించారు. నన్ను తలుపు బయట కూర్చోబెట్టారు. పట్టా చప్పుడు వినపడుతోంది. దాని అడుగుల చప్పుడు వినపడుతోంది. అడుగులు జోరందుకున్నాయి. ఇంకా జోరందుకున్నాయి. ఉన్నట్టుండి లోపల ఎవరో, ఆపండి, ఆపండి అన్నారు. నేను లేచి నిలబడ్డాను. తలుపు తెరుచుకోవడానికి ఎంతసేపు పట్టిందో తెలియదు. కూర్చోలేదు.

డాక్టరు చిన్నవాడు. నిదానంగా చెప్పాడు. "పుట్టుకతోనే ఈ పాప గుండెలో కరెంటు పోయే దారి ఒకటి ఎక్కువుందండి. పరుగెత్తినప్పుడు కరెంటు ఆ దారిలో పడి గిరగిరా తిరుగుతోంది. ఇందాక రెండువందల నలభై దాటింది. తొడ దగ్గర నరంలోంచి సన్నటి తీగ పంపి ఆ దారి మూసేస్తాం. వందలో తొంభై ఐదు మందికి ఒక్కసారితో నయమైపోతుంది. తర్వాత పరుగెత్తచ్చు."

వందలో మిగిలిన ఆ అయిదుగురి సంగతి నేను అడగలేదు.

"ఎల్లుండి నాకు పోటీ ఉన్నది సార్," అంది తహ్రీమ్.

"వచ్చే నెల పదో తారీఖున రామ్మా. అప్పటిదాకా మెట్లు కూడా మెల్లగా ఎక్కు. ఈ ఎండలో, పోటీలో, ఇంకొకరిని దాటాలని పరుగెత్తి ఉంటే..." ఆయన నా ముఖం చూసి ఆపేసి, మందుల చీటీ రాయడం మొదలుపెట్టాడు.

తిరుగు బస్సులో ఇద్దరికీ పక్కపక్కన సీటు దొరికింది. లింగంపల్లి దాటాం. పటాన్‌చెరులో ఫ్యాక్టరీ మనుషులు ఎక్కారు, బస్సు నిండిపోయింది.   ఇస్నాపూర్ చౌరస్తాలో లారీలు అడ్డం పడి బస్సు ఆగింది. అప్పుడు తహ్రీమ్ కిటికీలోంచి బయటికి చూస్తూనే అంది.

"దాదా, గుర్రానికి గిట్లయితే మీ నాయన ఏం చేయిస్తుండె?"

"బండికి కట్టనియ్యకపోయేటోడు."

"ఆ తర్వాత?"

"నీడకు కట్టేయమనేటోడు. నానబెట్టిన శనగలు పెట్టమనేటోడు."

"మల్ల బండికి కట్టేది ఎప్పుడు?"

"చెయ్యి పెట్టి చూసి, సరే అనిపిచ్చినంక."

"ఎన్ని దినాలకు?"

"గుర్రాన్ని బట్టి."

అన్ని గుర్రాలూ తిరిగి బండి దాకా రాలేదన్నది చెప్పలేదు. 

"నాకు శనగలు నచ్చయి. గుడ్లే పెట్టుమను దాదీని," అంది.

బస్సు కదిలింది. అది ఇంకా కిటికీ వైపే చూస్తూ, ఎడమ చెయ్యి తెచ్చి నా మోకాలి మీద పెట్టింది, మణికట్టు పైకి తిప్పి. నేను మూడు వేళ్ళు ఆనించాను. రుద్రారం వచ్చింది. ఒకటి, దాని వెనక ఒకటి. జనం తోసుకుంటున్నారు, కండక్టరు టికెట్ టికెట్ అంటున్నాడు. ఒకటి, దాని వెనక ఒకటి. కంది దగ్గర మేడమ్ షెడ్డుకు పోయే దారి కనబడింది. సంగారెడ్డిలో దిగేదాకా నేను వేళ్ళు తియ్యలేదు.